అరవైమూడో సెక్టారు కథ

2012 మాఘమాసంలో తెనాలి నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరే, మిషను గరగరమంటోందిరా, ఫైలు తెరవాలంటే టీ తాగొచ్చేంత టైము పడుతోంది" అని. ఆయనది డీటీపీ షాపు. మాఘమాసమంటే శుభలేఖల సీజను. 2005లో కొన్న కంప్యూటరు, అందులో ఎక్స్‌పీ. ఆయన వాడే తెలుగు టైపింగు సాఫ్టువేరు ఆ ఎక్స్‌పీలో తప్ప నడవదు. పాత శుభలేఖల ఫైళ్ళన్నీ ఆ ఒక్క హార్డుడిస్కులోనే. బ్యాకప్పా? అడిగితే పెన్‌డ్రైవు చూపించాడు, అందులో పాటలున్నాయి.

సరే, ఆదివారం ఒక ఎస్సెస్డీ కొనుక్కుని వెళ్ళాను. పాత డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా, సెక్టారు వెంట సెక్టారు, కొత్తదానిలోకి కాపీ కొట్టేశా. బూటయ్యింది. బాబాయ్ మొహం వెలిగిపోయింది. గంట తర్వాత మళ్ళీ ఫోను: "సేవ్ కొడితే ఆగి ఆగి పోతోందిరా". కొత్త డ్రైవు పాతదానికంటే నత్తనడక నడవడమేంటి?

కారణం వెతికితే తేలింది 63 అనే అంకె. దాని పుట్టుక తెలుసుకోవాలంటే 1980ల మొదట్లోకి వెళ్ళాలి.

ఐబీఎం పీసీ 1981లో వచ్చింది. 1983లో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డుడిస్కు ఉండేది. డిస్కులో ఒక చోటుని చెప్పాలంటే మూడు అంకెలు కావాలి: ఏ సిలిండరు, ఏ హెడ్డు, ఏ సెక్టారు. బయోస్‌కి ఈ మూడూ చెప్పడానికి కేటాయించింది మొత్తం 24 బిట్లు. సిలిండరుకి 10, హెడ్డుకి 8, సెక్టారుకి 6. సెక్టార్ల లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలవుతుంది కాబట్టి ఆరు బిట్లతో చెప్పగలిగే సెక్టార్లు మొత్తం 63. ఆ ఎక్స్‌టీ డిస్కులో ట్రాకుకి 17 సెక్టార్లే ఉండేవి, 63 చాలా ఎక్కువనిపించి ఉంటుంది. ఆరు బిట్లు ఎంచుకున్నాయన తెలివితక్కువవాడేం కాదు.

తర్వాత డిస్కులు పెరిగాయి. బయటి ట్రాకుల్లో ఎక్కువ సెక్టార్లు, లోపలివాటిలో తక్కువ పెట్టడం మొదలైంది. ట్రాకుకి ఇన్ని అని ఒక్క అంకె చెప్పడం కుదరలేదు. అయినా బయోస్ అడుగుతుంది కదా, డిస్కులు ఏదో ఒకటి చెప్పాలి. అలా లెక్కల్లో ట్రాకుకి 63 సెక్టార్లు, 255 హెడ్లు అని స్థిరపడింది. 255 తలలు! రావణాసురుడికే పది. నిజం డిస్కులో నాలుగో, ఎనిమిదో ఉంటాయి. మిగతాదంతా కాయితాల మీదే.

ఆ కాయితం లెక్క ప్రకారం మొదటి ట్రాకులోని తొలి సెక్టారులో బూటు రికార్డు పెట్టి, మిగతా ట్రాకు ఖాళీగా వదిలేసి, తర్వాతి ట్రాకు నుంచి పార్టీషన్ మొదలుపెట్టేవారు. అదే సున్నా నుంచి లెక్కేస్తే 63వ సెక్టారు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ కూడా అదే పాటించింది. తిరిగే డిస్కు మీద ఎక్కడ మొదలైనా ఒకటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక రెండో కథ. జపాన్‌లో తోషిబాలో పనిచేసే ఫుజియో మసువొకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో దాని నాండ్ రకాన్ని లోకానికి చూపించాడు. ఇవాళ్టి ఎస్సెస్డీలన్నిటికీ మూలం ఆ నాండే. (ఆయన తర్వాత తన వాటా కోసం కంపెనీ మీద కేసు వేసి 100 కోట్ల యెన్లు అడిగితే, 2006లో 8.7 కోట్లకి రాజీ కుదిరింది. నా మటుకు నాకు అది చిల్లర డబ్బులే.) ఫ్లాష్‌కి ట్రాకుల్లేవు, తలల్లేవు. పేజీలుంటాయి, అప్పటి చాలా డ్రైవుల్లో 4 కిలోబైట్లవి. రాసిన పేజీ మీద మళ్ళీ రాయడం కుదరదు. ముందు చెరపాలి, చెరపడం పేజీగా కాదు, చాలా పేజీలున్న బ్లాకు మొత్తంగా.

ఇప్పుడు లెక్క చూడండి. సెక్టారు 512 బైట్లు. ఎనిమిది సెక్టార్లు ఒక పేజీ. 64వ సెక్టారు నుంచి మొదలైతే సరిగ్గా పేజీ అంచున పడేది. 63 కాబట్టి ఒక్క సెక్టారు వెనక్కి జరిగింది. ఎక్స్‌పీ మామూలుగా 4 కిలోబైట్ల ముక్కలుగా రాస్తుంది. ప్రతి ముక్కలోనూ ఒక సెక్టారు ఈ పేజీలో, ఏడు పక్క పేజీలో. ఒక పేజీ రాయాల్సిన చోట రెండిటిని చదివి, కలిపి, మళ్ళీ రాయాలి. బాబాయ్ సేవ్ కొట్టిన ప్రతిసారీ ఇదే భాగోతం.

మైక్రోసాఫ్ట్ 2007లో విస్తాతో మొదటి పార్టీషన్‌ని 2048వ సెక్టారుకి, అంటే సరిగ్గా ఒక మెగాబైటుకి జరిపింది. 2009లో విండోస్ 7 ట్రిమ్ అనే ఆదేశాన్ని తెచ్చింది. ఫలానా ఫైలు చెరిపేశాం, ఆ చోటు నీ ఇష్టం అని డ్రైవుకి చెప్పడమన్నమాట. ఎక్స్‌పీకి రెండూ తెలియవు. పైగా ఖాళీగా ఉన్నప్పుడు బూటు ఫైళ్ళని ఒకచోటికి సర్దుతుంది పాపం, తల ఎక్కువ దూరం కదలకూడదని. కదలడానికి తలే లేదిప్పుడు.

మళ్ళీ తెనాలి వెళ్ళి పార్టీషన్‌ని 2048కి జరిపాను. బూటవ్వలేదు! చెమటలు పట్టాయి. బాబాయ్ వెనకే నిలబడి "పోయాయా?" అన్నాడు. పోలేదు, పాత డిస్కు పక్కనే ఉంది. చివరికి తేలిందేంటంటే, పార్టీషన్ తన మొదటి సెక్టారులో తాను ఎక్కడ మొదలైందో తానే రాసుకుంటుంది. అక్కడ ఇంకా 63 అనే ఉంది. దాన్ని 2048 చేశాక ఎక్స్‌పీ లేచింది. సర్దే పనిని ఆపేశాను. ట్రిమ్ లేని లోటు కోసం డ్రైవు కంపెనీవాళ్ళిచ్చిన చిన్న ప్రోగ్రాముని వారానికోసారి నడపమని చెప్పాను.

బాబాయ్ కూర్చుని ఒక శుభలేఖ తెరిచి, ముహూర్తం మార్చి, సేవ్ కొట్టాడు. రెప్పపాటులో అయిపోయింది. ఆయన చెయ్యి తియ్యలేదు, పెట్టె దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"గరగర రాలేదేంట్రా? సేవ్ అయ్యిందంటావా?" అని ఇంకోసారి కొట్టాడు.