చివరి వరుసకు వినిపించాలంటే



మొన్న ఉగాదికి మన ధర్మపురిలో పంచాంగ శ్రవణం జరిగింది కదా. అయ్యవారు రాలేక వీడియోలో చెప్పారు. ల్యాప్‌టాప్ శబ్దాన్ని స్టేజీకి అటూ ఇటూ పెట్టిన రెండు పెద్ద బాక్సులకు ఇచ్చాం. ముందు వరుస పిల్లలు చెవులు మూసుకున్నారు. వెనక కూర్చున్న అవ్వలేమో "మన రాశికి ఆదాయం ఎంతన్నాడప్పా?" అని పక్కవాళ్ళను అడుగుతూనే ఉన్నారు. శబ్దానికి కొరత లేదు, మాటే అందలేదు. ఈ చిక్కు పాతదే. దాని కథ కొంచెం చెప్పుకుందాం.

మన జిల్లాలో భారత కూత్తు ఆడేవాళ్ళు ఒకప్పుడు తెల్లవార్లూ గొంతుబలంతోనే జనానికి వినిపించేవారు. 1915లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జెన్సెన్, ప్రిథమ్ అనే ఇద్దరు క్రిస్మస్ ముందురోజు వేలమందికి లౌడ్‌స్పీకర్ వినిపించారు. అక్కడినుంచి గొంతుకు హద్దు పోయింది.

మద్రాసులో 1924 జూలై 31న కృష్ణస్వామి శెట్టి గారి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో ఆగిపోయింది. క్లబ్ ట్రాన్స్‌మిటర్ కార్పొరేషన్‌కు చేరి, 1930 ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ పాట వినిపించింది. రేడియో కొనగలిగినవాళ్ళు అప్పట్లో ఎంతమంది? అందుకే కార్పొరేషన్ మెరీనా తీరంలో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టింది. ఒకే కచేరీని షికారుకొచ్చినవాళ్ళూ, కూలిపని ముగించుకొని వచ్చినవాళ్ళూ కలిసి విన్నారు. నాకు ఈ కథలో బాగా నచ్చింది ఇదే. వాళ్ళు ఒకేచోట గట్టిగా అరిపించలేదు, జనం ఉన్నచోటికి స్పీకర్‌ను తీసుకెళ్ళారు.

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం ప్రారంభమైంది. అప్పటి ప్రధానమంత్రి రాజాజీ పుట్టింది మన పాత సేలం జిల్లాలోని తొరపల్లిలోనే. తరువాత పల్లెల్లో పంచాయతీ రేడియో వచ్చింది. గదిలో ఒక పెట్టె, బయట ఒక స్పీకర్, వినేది ఊరంతా.

ఆపైన మైకుసెట్టువాళ్ళ కాలం. జాతరలో వీధి పొడుగునా గొట్టం స్పీకర్లు కట్టాలంటే ఒక కిటుకుంది. మేట్టూరు కరెంటును దూరానికి హై వోల్టేజీలో పంపినట్టే, ఆంప్లిఫయర్ నుంచి శబ్దాన్ని 100 వోల్టుల లైనులో పంపుతారు. వైరులో నష్టం తగ్గుతుంది. ప్రతి గొట్టానికీ ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దానికి కావలసినంతే తీసుకుంటుంది.

కంప్యూటర్‌కూ ఇదే నీతి. దాని ఆకుపచ్చ రంధ్రంలో వచ్చేది చిన్న సిగ్నల్ మాత్రమే. దాన్ని వై కేబుల్‌తో రెండు ఆంప్లిఫయర్లకు పంచవచ్చు. కానీ రెండు యంత్రాల అవుట్‌పుట్‌లను అదే కేబుల్‌తో ఒకటిగా కలపకూడదు, దానికి మిక్సర్ ఉంది. ఒకే ఆంప్లిఫయర్‌కు 8 ఓముల బాక్సులు నాలుగు పక్కపక్కన తగిలిస్తే 2 ఓములే అవుతుంది. చాలా ఆంప్లిఫయర్లు అది తట్టుకోలేక వేడెక్కుతాయి. బ్లూటూత్ బాక్సు వైరు బాక్సుకంటే వెనకబడి పలుకుతుంది, మాట రెండుసార్లు వినబడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి 34 మీటర్ల దూరంలోని స్పీకర్ మాట పదోవంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. అంత దూరంలో ఉన్న రెండు స్పీకర్లు ఒకేసారి గట్టిగా పలికితే మాట అలుక్కుపోతుంది.

అందుకని నా మనవి. వచ్చే కార్యక్రమానికి పెద్ద బాక్సుల సౌండు తగ్గిద్దాం. హాలు మధ్యలో రెండు, వెనక రెండు చిన్నవి పెట్టి, ప్రతి ఒక్కటీ తన దగ్గరి నాలుగు వరుసలకే వినిపించేటట్టు చూద్దాం. మొదలుపెట్టే ముందు ఒకరు చివరి కుర్చీలో కూర్చుని విని చెప్పాలి.

మన ఊళ్ళో బడి, బజారు, ఆఫీసు అన్నీ తమిళంలోనే. పిల్లలు తెలుగు మాటను నలుగురిలో వినేది ఏడాదికి రెండు మూడుసార్లు. ఆ అవ్వలకైతే దానికోసమే పట్టుచీర కట్టుకొని రావడం. వాళ్ళకు వినిపించకపోతే మనం పండగ ఎవరికి చేసినట్టు?