ఆపరేటర్ కుర్చీలోకి సాఫ్ట్‌వేర్

కొల్లేరు చేప ఐసులో పడి లారీ ఎక్కాలంటే ముందు హౌరా మార్కెట్ ధర తెలియాలి. ఇప్పుడది అరనిమిషం పని. ఒకప్పుడు ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ అయితే పూట గడిచిపోయేది. తొందరుంటే రెట్టింపు ఇచ్చి అర్జెంట్, అగ్గిమీద ఉంటే ఎనిమిది రెట్లు ఇచ్చి లైట్నింగ్. ఆకివీడు, కైకలూరు, భీమవరం వ్యాపారుల లాభనష్టాల్లో ఈ నిరీక్షణకూ ఒక పద్దు ఉండేది.

ఆ రోజుల్లో కాల్ నడిపింది మనిషి. మాన్యువల్ బోర్డులో చందాదారు హ్యాండిల్ తిప్పగానే అతని నంబరు మీదున్న చిన్న రేకు టప్పున పడేది. ఆపరేటర్ ఒక త్రాడు గుచ్చి నంబరు అడిగేవారు. రెండో త్రాడు కొనను అవతలి రంధ్రానికి అలా ఆనించి చూస్తే, లైను ఖాళీగా లేకపోతే చెవిలో చిటుక్కుమనేది. ఖాళీగా ఉంటే గుచ్చి రింగు పంపడం, మాటలు అయ్యాక త్రాళ్లు లాగేయడం, ట్రంక్ కాల్ అయితే టికెట్టు మీద నిమిషాలు రాయడం. గమనించు, ఎవరికో తేల్చు, కలుపు, లెక్క రాయి. నూట నలభై ఏళ్లలో ఎన్ని యంత్రాలొచ్చినా పని ఈ నాలుగే. మారిందల్లా ఆ పనిని ఎవరెవరికి పంచారన్నదే.

మనిషిని తప్పించాలన్న పట్టుదల అమెరికాలో అల్మన్ స్ట్రోజర్‌ది. ఆయన శవ సంస్కారాల వ్యాపారి. తనకు రావలసిన కాల్స్‌ని ఆపరేటర్ పోటీదారుకి కలుపుతోందన్న అనుమానంతో ఆటోమేటిక్ స్విచ్ కనిపెట్టాడని కథ చెబుతారు. కథ మాటెలా ఉన్నా పేటెంటు మాత్రం 1891లో వచ్చింది, మరుసటి ఏడు లా పోర్ట్ పట్టణంలో ఎక్స్ఛేంజ్ నడిచింది. మన దేశంలో కలకత్తాకు 1882లోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ వచ్చినా, ఆటోమేటిక్ యంత్రం మొదట వేసవి రాజధాని సిమ్లాలో కుదురుకుంది. దొరల ఊరు కదా! 1948లో బెంగళూరులో టెలిఫోన్ యంత్రాల కర్మాగారం ఐటీఐ, 1960లో కాన్పూరు–లక్నో మధ్య మొదటి ఎస్టీడీ. ఈ యంత్రాలకు తెలివి ఉన్నది తీగల అమరికలో. ఒక నియమం మార్చాలంటే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాల్సిందే.

1965లో బెల్ సంస్థ న్యూజెర్సీలోని సకసన్నాలో ఆ తెలివిని తీగల్లోంచి తీసి కంప్యూటర్ మెమరీలో పెట్టింది. దాంతో కొత్త చిక్కొచ్చింది. ఒక్కసారిగా వేలమంది రిసీవర్ ఎత్తితే కంప్యూటర్ ఉక్కిరిబిక్కిరై మొత్తం ఆగిపోవచ్చు. బెల్ ల్యాబ్స్‌లో ఎర్నా హూవర్ దానికి విరుగుడు చూపించారు. వస్తున్న కాల్స్ ఒత్తిడిని యంత్రమే కనిపెట్టుకుంటూ, కాల్ అందుకునే పనిని ముందుకు తెచ్చి, బిల్లింగ్, రికార్డుల పనిని వెనక్కి నెట్టాలి. 1971లో ఆమెకు పేటెంటు దక్కింది. తుఫాను హెచ్చరిక రాగానే ఊరంతా ఫోన్ల మీద పడే మన డెల్టాకి ఈ ఉపాయం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

నన్నడిగితే మన చరిత్రలో అసలు మలుపు 1984లో మొదలైంది. ఆ ఏడాది ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ పుట్టింది. 36 నెలలు, 36 కోట్ల రూపాయలు అన్నది దాని రూపశిల్పి శామ్ పిట్రోడా ఒప్పుకున్న లెక్క. విదేశీ ఎక్స్ఛేంజీలు ఏసీ గదుల్లో, నగరాల కోసం తయారైనవి. సీ-డాట్ వాళ్లు ముందు చూసింది ఏసీ లేని, కరెంటు నిలకడలేని పల్లెను. వాళ్ల 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజ్ రాక్స్ 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. బీరువా అంత పెట్టె. దుమ్ముకీ ఎండకీ ఓర్చుకుని, ఏసీ అడగకుండా నడిచింది.

దాని తర్వాత వచ్చిన మ్యాక్స్ నిర్మాణం ఇంకా ముచ్చటైనది. బేస్ మాడ్యూల్ ఒక్కటే పెడితే చిన్న టౌను ఎక్స్ఛేంజ్. అలాంటివి 32 వరకు చేర్చి సెంట్రల్ మాడ్యూల్‌కి కలిపితే నగరానికి సరిపోయే ఎక్స్ఛేంజ్. లోపల సీ భాషలో రాసిన సాఫ్ట్‌వేర్. ఫోన్ చేసినవారి తరఫున ఒక ప్రాసెస్, అందుకునేవారి తరఫున మరొకటి. రిసీవర్ ఎత్తడం ఒక ఈవెంట్, అంకె నొక్కడం ఒక ఈవెంట్, పెట్టేయడం ఇంకొకటి. ఏదీ జరగనప్పుడు ఆ ప్రాసెస్ నిద్రపోతుంది. ముఖ్యమైన కార్డులన్నీ జంటగా ఉంటాయి. పనిచేస్తున్నది చెడితే పక్కది అందుకుంటుంది. పల్లెల్లో, చిన్న టౌన్లలో చాలామంది కంప్యూటర్ని కంటితో చూడకముందే అది ఎక్స్ఛేంజ్ వేషంలో వచ్చి కూర్చుంది. ఏలూరు కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి టెలికాం జిల్లాలో ఏలూరుకి 08812, భీమవరానికి 08816, తాడేపల్లిగూడేనికి 08818 అని జనం నోట ఆడిన కోడ్‌ల వెనక నడిచింది ఇలాంటి సాఫ్ట్‌వేరే. 2022లో జిల్లాలు విడిపోయాయి గానీ కోడ్‌లు మాత్రం విడిపోలేదు.

ఇంతలో ఎక్స్ఛేంజ్ అనే పెట్టె కూడా అక్కర్లేని కాలం వచ్చింది. 1999లో ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే సిప్ పద్ధతికి తొలి ప్రమాణం వచ్చింది. అదే ఏడు అలబామా కుర్రాడు మార్క్ స్పెన్సర్, తన చిన్న కంపెనీకి ఆఫీసు ఎక్స్ఛేంజ్ కొనే స్తోమత లేక, ఆస్టరిస్క్ అనే ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా వదిలేశాడు. రుమేనియాలో యేట్ అనే అలాంటి సాఫ్ట్‌వేరే వచ్చింది. 2006లో ఆంథొనీ మినెసేల్ ఫ్రీస్విచ్ మొదలుపెట్టాడు.

వీటిలో యేట్ నడకను దగ్గరగా చూడాలి. దాని నడిబొడ్డున ఉన్నది చాలా చిన్న ఇంజన్. దానికి టెలిఫోన్ గురించి దాదాపు ఏమీ తెలియదు, సందేశాలు చేరవేయడమే తెలుసు. ఆకివీడులో రొయ్యల మేత దుకాణానికి కాల్ వచ్చిందనుకుందాం. సిప్ మాడ్యూల్ 'కాల్.రూట్' అని ఒక సందేశం పుట్టిస్తుంది. తహసీల్దారు ఆఫీసులో ఫైలు బల్ల నుంచి బల్లకి తిరిగినట్టు, అది ప్రాధాన్య క్రమంలో ఒక్కో మాడ్యూల్ దగ్గరికీ వెళుతుంది. సంబంధం లేనివాళ్లు పక్కకి తోసేస్తారు, కొందరు ఒక వివరం చేర్చి పంపుతారు, నాది అన్నవాడి దగ్గర ఆగిపోతుంది. తర్వాత 'కాల్.ఎగ్జిక్యూట్' వెళ్లి లైను కలుపుతుంది. బటన్ నొక్కితే 'చాన్.డీటీఎంఎఫ్', పెట్టేస్తే 'చాన్.హ్యాంగప్'. బిల్లు రాసే మాడ్యూల్ 'కాల్.సీడీఆర్' కోసం మాత్రమే చెవి ఒగ్గి ఉంటుంది. కొత్త నియమం కావాలంటే పీహెచ్‌పీలోనో పైథాన్‌లోనో చిన్న స్క్రిప్టు రాసి తగిలించవచ్చు, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. పాత ఆపరేటర్ ఒంటిచేత్తో చేసిన నాలుగు పనులూ ఇక్కడ నలుగురికి పంచారు.

తెలుగు నేల మీద ఈ పంపకం రెండు చోట్ల బాగా కనబడింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవలో ఎక్కడి నుంచి కాల్ వచ్చినా సాఫ్ట్‌వేర్ ముందు అందుకుని, మనిషికి అప్పగించి, అంబులెన్సుకి కబురు పంపింది. దాన్ని నెలకొల్పిన బైర్రాజు రామలింగరాజు భీమవరం ప్రాంతం వాడే. ఆయన నడిపిన సత్యం కంపెనీ కథ ఎలా ముగిసినా 108 నిలబడింది. రెండోది హైదరాబాదులోనే 2007లో పుట్టిన ఓజోన్‌టెల్. వాళ్ల 'కూకూ' వేదికకి కాల్ రాగానే అది మన వెబ్ సర్వర్ తలుపు తట్టి 'న్యూకాల్' అంటుంది. ఏం వినిపించాలో, ఏ అంకె కోసం ఆగాలో నాలుగు వరుసల్లో జవాబిస్తే చాలు. టెలిఫోన్ ఇంజనీరింగ్ చదవని వెబ్‌సైట్ల కుర్రాళ్లు కూడా కాల్స్ నడిపించారు. అయితే ఇంటర్నెట్ నుంచి మామూలు ఫోన్ నంబరుకు మన దేశంలోనే కాల్ కలపడానికి చట్టం చాలా ఏళ్లు అడ్డుపడింది. బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ అనే అలాంటి సేవ 2018లో గానీ రాలేదు. సాంకేతికత ఏనాడో చేతికొచ్చాక అంత ఆలస్యం చేయడంలో జనం మేలు ఎంతో నాకైతే కనబడదు.

సీ-డాట్ పాత మ్యాక్స్‌లనే ఐపీ బాటకి మళ్లించే మ్యాక్స్-ఎన్‌జీ తెచ్చింది. 2025 సెప్టెంబరులో ప్రారంభమైన బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీకి కోర్ నెట్‌వర్క్ కూడా సీ-డాట్‌దే. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చిన ఇళ్లలో, గోడకున్న చిన్న పెట్టే సిప్ మాట్లాడి ఎక్కడో ఉన్న సర్వర్‌కి కాల్ అప్పగిస్తుంది.

ఇందులో ఒకటి మాత్రం పోగొట్టుకున్నాం. పాత ఎక్స్ఛేంజ్ తన బ్యాటరీల నుంచి 48 వోల్టులు రాగి తీగలోనే పంపేది. తుఫానుకి ఊరంతా కరెంటు పోయినా, తీగ తెగనంతసేపు ఇంట్లో ఫోన్ పలికేది. ఫైబర్ పెట్టెకి ఆ సదుపాయం లేదు. గాజు తీగలో కరెంటు రాదు. కొల్లేటి ఉప్పుటేరు పొంగే నెలల్లో ల్యాండ్‌లైన్ పనిచేయాలంటే ఆ పెట్టెని ఇన్వర్టర్‌కి కలిపి ఉంచాలి.