ఇంటర్‌కూలర్ అమరిక (పోర్షె 911 టర్బో)

టర్బోచార్జర్ నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలిని మధ్యదారిలో చల్లబరిచే పరికరం ఇంటర్‌కూలర్. టర్బోచార్జర్ నొక్కి పంపే గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లారిస్తే సాంద్రత పెరిగి సిలిండర్‌లో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండడం) ముప్పు తగ్గుతుంది.

ఇంజన్ ముందుండే కారులో దీన్ని ఎదురుగాలికి నిలబెడితే సరిపోతుంది. జర్మనీ కంపెనీ పోర్షె తయారుచేసిన 911లో ఇంజన్ వెనక ఇరుసుకూ అవతల ఉంటుంది, పైగా అప్పట్లో దాన్ని చల్లబరిచిందీ గాలే. అసలు చిక్కంతా ఇక్కడే. 1975 నాటి 3.0 లీటర్ల టర్బోకు ఇంటర్‌కూలర్ లేదు. 1978 మోడల్‌లో ఇంజన్‌ను 3.3 లీటర్లకు పెంచి, ఇంటర్‌కూలర్‌ను దాని నెత్తిన, కారు వెనక రెక్కలా ఉండే స్పాయిలర్ కింద అమర్చారు. దానికి చోటివ్వడానికే స్పాయిలర్ అంచులు పైకి లేచిన పళ్లెంలా మారింది. శక్తి 260 నుంచి 300 హార్స్‌పవర్‌కు చేరింది.

గాలి స్పాయిలర్ జాలీలోంచి దిగి, ఇంటర్‌కూలర్ రేకుల సందుల్లోంచి ఇంజన్ గదిలోకి వస్తుంది; ఇంజన్ ఫ్యాను దాన్ని లాక్కుని సిలిండర్ల మీదికి తోస్తుంది. కారు నెమ్మదిగా వెళ్తున్నా ఈ లాగుడు ఆగదు, అది తెలివైన ఏర్పాటు. అయితే ఇంటర్‌కూలర్ వదిలిన వేడి సిలిండర్లను చల్లబరచాల్సిన గాలిలోనే కలుస్తుంది. చుట్టూ సీలు సరిగా లేకపోతే గాలి రేకుల్లోకి పోకుండా పక్క సందుల్లోంచి జారిపోతుంది.

ఈ టర్బో ఆధారంగా చేసిన రేసు కారు 935కు 1976లో రేసు నిబంధనలు అడ్డొచ్చి, నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు మారాల్సి వచ్చింది. ఇంజన్ నీటితో చల్లబడే తర్వాతి తరం 911 అయిన 996 టర్బోలో ఇంటర్‌కూలర్లు వెనక చక్రాల పక్కకు చేరాయి.