‘మాసూమ్’ అంటే అమాయకుడేనా?

ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే శ్రీకాకుళం, విజయనగరం ముస్లిం ఇళ్లలో ‘మాసూమ్’ అనే మాట ఎక్కువగా పసిపిల్లలకే వాడతారు. ‘మాసూమ్ బచ్చా’ అంటే ఏ పాపం ఎరగని బిడ్డ. మాట మాత్రం అరబీది. ఐన్, స్వాద్, మీమ్ అనే మూడు అక్షరాల ధాతువుకి కాపాడటం, అడ్డుకోవటం అని అర్థం. ఆ లెక్కన మాసూమ్ అంటే పాపం అంటకుండా కాపాడబడినవాడు. ఆడపిల్లలకు పెట్టే ఇస్మత్, మాసూమా పేర్లూ ఇందులోంచి వచ్చినవే.

దీన్ పరంగా ఈ మాటకి బరువెక్కువ. సున్నీ ఉలమా ప్రవక్తలను మాసూమ్ అంటారు. షియాలు ప్రవక్త (స), హజ్రత్ ఫాతిమా, పన్నెండుమంది ఇమాములను కలిపి ‘చౌదా మాసూమీన్’ అంటారు. అంటే బయాన్‌లో వినే మాసూమ్ వేరు, ఉయ్యాల దగ్గర వినే మాసూమ్ వేరు.

తెలుగు ‘అమాయకుడు’ దారి వేరు. మాయ లేనివాడు, కపటం తెలియనివాడు. అందులో మెచ్చుకోలూ ఉంది, చిన్నచూపూ ఉంది. ‘ఆడొట్టి అమాయకుడండీ’ అంటే లోకం తెలియదనే. ఊళ్లల్లో ఇంకాస్త చనువుగా ‘ఎర్రిబాగులోడు’ అంటారు. ఉర్దూలో దీనికి దగ్గర మాట ‘భోలా’.

చిక్కంతా పోలీస్ స్టేషన్, కోర్టు దగ్గరే. ‘మావాడు అమాయకుడు సార్’ అని తల్లి ఏడిస్తే, ఎవరో చెబితే తెలియక చేశాడన్నట్టు కూడా వినపడుతుంది. చేయనే లేదని చెప్పాలంటే ‘ఏ తప్పూ చేయలేదు’ అనాలి. చట్టం మాట ‘నిర్దోషి’. ఉర్దూలో బేకసూర్, బేగునాహ్. అలాగే ముల్జిమ్ అంటే నిందితుడు, ముజ్రిమ్ అంటే దోషి. ఈ రెండూ కలిపేయడం పెద్ద పొరపాటు. నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే, అప్పటిదాకా మనిషి ముల్జిమ్ మాత్రమే.

2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎంతోమంది ముస్లిం యువకులను పట్టుకున్నారు. వాళ్లలో కేసులు ఎదుర్కొన్నవాళ్లు తర్వాత కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు పరిహారం ఇచ్చింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం రాదంటూ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పోయిన ఏళ్ల సంగతి అలాగే ఉండిపోయింది.

‘బాఇజ్జత్ బరీ’ అని ఉర్దూ పేపర్లు రాసేది ఉత్త అలంకారం కాదు. పోలీసు శాఖ లాంటి ఉద్యోగాల్లో వెరిఫికేషన్ జరిగేటప్పుడు, కేసు పూర్తిగా వీగిపోయిందా, సంశయ లాభం కింద వదిలేశారా అన్నది చూస్తారు. తీర్పు సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే ఆ వాక్యం ఎలా ఉందో లాయరుతో చదివించుకోవాలి.