పాట చాటు మాట

రండర్రా, ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యండి. తెల్లారకుండానే భోగిమంట చల్లారితే ఎలా? ఇందాక ఫోన్లో ఇంగ్లీషు పాట పెట్టి గంతులేశారే, దాని తాతల సంగతి చెబుతా వినండి.

నేను 1972లో అమెరికా వెళ్ళానా, క్లీవ్‌లాండ్‌లో ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. మా షిఫ్టులో ఒక నల్లజాతి పెద్దాయన ఉండేవాడు. అలబామా నుంచి వలస వచ్చినవాడు. ఇనప డబ్బాలో మంట వేసి, చేతులు కాచుకుంటూ పాత పాటలు కూనిరాగం తీసేవాడు. “భలే హుషారుగా ఉందయ్యా” అంటే నవ్వేవాడు. “వరస విన్నావు, మాట వినలేదు” అనేవాడు.

అసలు ‘రాక్ అండ్ రోల్’ అన్న పేరే తీసుకోండి. ఊగడం, దొర్లడం. నల్లవాళ్ళ చర్చిల్లో దేవుడి పాటకి పూనకం వచ్చినట్టు ఊగిపోవడాన్నీ ‘రాక్’ అనేవారు. చర్చి గుమ్మం దాటితే అదే మాట పడగ్గదిలోకి పోయేది. 1922లోనే ట్రిక్సీ స్మిత్ అనే ఆవిడ రికార్డులో ఆ రెండు మాటలూ ఆ అర్థంతోనే పక్కపక్కన కూర్చున్నాయి. 1951లో మా క్లీవ్‌లాండ్ రేడియోలో ఆలన్ ఫ్రీడ్ అనే తెల్లాయన రాత్రిళ్ళు నల్లవాళ్ళ పాటలు వేస్తూ, ఆ పేరు ఊరంతా చాటాడు. తెల్లపిల్లలు ఇంట్లో అమ్మానాన్నల ఎదుటే ఆ మాట అనేవారు. తెలిసినవాళ్ళు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

1954లో బిగ్ జో టర్నర్ ‘షేక్, రాటిల్ అండ్ రోల్’ పాడాడు. అదే ఏడు బిల్ హేలీ అనే తెల్లాయన మళ్ళీ పాడుతూ మంచం ఊసూ, పల్చటి బట్టల ఊసూ శుభ్రంగా తీసేశాడు. కానీ అందులో ఒంటికన్ను పిల్లి ఒకటుంది, అది మాత్రం తప్పించుకుంది. ఆ పిల్లి పిల్లి కాదురా. మరేమిటని అడక్కండి, మీ బామ్మ వింటోంది.

తరవాతి ఏడు లిటిల్ రిచర్డ్. మేకన్ ఊళ్ళో బస్టాండులో అంట్లు తోమిన కుర్రాడు. న్యూ ఆర్లియన్స్‌లో రికార్డింగుకి వెళ్తే ఏ పాటా రక్తి కట్టలేదు. మధ్యలో విరామానికి బయటికెళ్ళినప్పుడు అక్కడున్న పియానో ముందు కూర్చుని, తను బార్లలో పాడే పచ్చి బూతు పాట అందుకున్నాడు. నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్ ఎగిరి గంతేశాడు. ఊపు కావాలి, మాటలు వద్దు. డొరతీ లబోస్ట్రీ అనే ఆవిడ చేత అప్పటికప్పుడు మాటలు మార్పించాడు. ఆవిడకి పాత మాటలు వినిపించడానికి రిచర్డ్ సిగ్గుపడి గోడవైపు తిరిగాడట! అదే ‘టూటీ ఫ్రూటీ’.

ఇక ‘లూయీ లూయీ’ గొడవ వినండి. రిచర్డ్ బెర్రీ రాసిన పాట. జమైకాలో ఉన్న పిల్ల కోసం ఒక నావికుడు పడే బెంగ, అంతే. 1963లో కింగ్స్‌మెన్ అనే కుర్రాళ్ళు పాడితే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అర్థం కాలేదు కాబట్టి బూతే అన్నారు. ఇండియానా గవర్నరు మండిపడ్డాడు. ఎఫ్‌బీఐ వాళ్ళు రికార్డుని వేగంగా తిప్పీ, నెమ్మదిగా తిప్పీ, చివరికి ఏ వేగంలోనూ అర్థం కావట్లేదని చేతులెత్తేశారు. పిల్లి ఎదురుగా నడిచిపోతే చూడలేదు, లేని దొంగ కోసం ఇల్లంతా వెతికారు.

ఇంతవరకూ మా పెద్దాయన నవ్వుతూనే చెప్పేవాడు. చక్ బెర్రీ అనే నల్ల గాయకుడి దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగేది. 1956లో బెర్రీ గోధుమరంగు కళ్ళ అందగాడి మీద పాట కట్టాడు. విన్నవాళ్ళంతా కళ్ళే అనుకున్నారు. “కళ్ళు కాదు, ఒళ్ళు” అనేవాడు పెద్దాయన, తన ముంజేయి చూపించి. ఆ ఏడంతా అలబామాలోని మాంట్‌గోమరీలో వర్ణవివక్షకి నిరసనగా నల్లవాళ్ళు బస్సులెక్కడం మానేసి నడిచారు. వాళ్ళలో మా పెద్దాయన అక్క కూడా ఉంది. ఆ రోజుల్లో నల్లవాడు అందగాడని రేడియోలో చెప్పాలంటే కళ్ళ చాటున చెప్పాలి.

1958లో వచ్చిన ‘జానీ బి. గూడ్’ కూడా అంతే. గిటార్ వాయించే నల్లపిల్లాడి కథ. ‘నల్ల’ అంటే రేడియోలో వెయ్యరని బెర్రీయే ఆ ఒక్క మాట తీసి, పల్లెటూరి పిల్లాడని మార్చాడు.

1977లో అంతరిక్షంలోకి వోయేజర్ నౌకలు పంపారు చూడండి, వాటిలో పెట్టిన బంగారు పూత రికార్డులో ఆ పాట ఉంది. మార్చిన మాటతోనే ఉంది. అక్కడెవరైనా దొరికి వింటే పల్లెటూరి పిల్లాడే అనుకుంటారు. పెద్దాయన నాతో చెప్పాడు, నేను మీతో చెప్పాను. వాళ్ళకి చెప్పేవాళ్ళెవరు?

సరే, ఆ పిడకల దండ ఇలా ఇవ్వండి. మంటలో వెయ్యాలి.