మౌలాలి గుట్ట దారి: నగరం కన్నా ముందు పుట్టిన యాత్ర

ఉప్పల్, నాచారం ప్రాంతాలకు నేడు వచ్చేవారికి ముందుగా కనిపించేవి క్రికెట్ స్టేడియం, పారిశ్రామికవాడ, మెట్రో స్తంభాలే గనుక, హైదరాబాద్ పాత చరిత్రను చూడదలచినవారు చార్మినార్, గోల్కొండలతోనే తమ సందర్శనను ముగించి, ఈ తూర్పు దిక్కుకు రావలసిన అవసరమే లేదని భావించడం పరిపాటి. రెవిన్యూ దస్త్రాలలో మాత్రం ఉప్పల్ పేరు నేటికీ ‘ఉప్పల్ కలాన్’ అనే ఉంది. కలాన్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది అని అర్థమిచ్చే ఈ పారసీ మాటలు ఒకే పేరుగల ఊళ్లను వేరుచేయడానికి పూర్వపు పాలకుల లెక్కలలో వాడుకైనవి. ఈ ఊళ్లకు ఉత్తరాన, నాచారం నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో నిలిచి ఉన్న మౌలాలి గుట్టకు చార్మినార్ కన్నా పాత చరిత్ర ఉంది. నగరానికి 1591 ఆరంభ సంవత్సరమైతే, గుట్ట మీది దర్గాకు మూలమైన సంఘటనను సంప్రదాయం 1578లో, హిజ్రీ 986వ సంవత్సరపు రజబ్ నెల 17వ తేదీన ఉంచుతుంది. నగరానికి పదమూడేళ్ల ముందే ఇక్కడికి యాత్ర మొదలైందన్నమాట. కనుక హైదరాబాద్‌ను కాలక్రమంలో చూడదలచినవారు గోల్కొండ తరువాత చార్మినార్‌కు పోవడానికి ముందు, ఈ గుట్ట ఎక్కడమే సబబు.

ఆనాటి గోల్కొండ రాజు ఇబ్రహీం కుతుబ్‌షా. 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇతడు సింహాసనానికి రాకముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపి, తెలుగు రుచి మరిగి, తెలుగు కవుల నోట మల్కిభరాముడైనాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను అంకితమిచ్చింది ఇతనికే. ఇతని అంతఃపుర ఉద్యోగులలో ఒకడైన యాకూత్‌కు కలలో ఆకుపచ్చ దుస్తులు ధరించిన ఒక వ్యక్తి కనిపించి, మౌలా అలీ పిలుస్తున్నాడని చెప్పి గుట్ట మీదికి తోడ్కొనిపోయాడనీ, అక్కడ ప్రవక్త అల్లుడైన అలీ బండపై చేయి ఆనించి కూర్చుని దర్శనమిచ్చాడనీ, మేలుకొన్నాక యాకూత్ వెళ్లి చూడగా రాతి మీద అరచేతి గుర్తు కనిపించిందనీ ఐతిహ్యం. ‘మౌలా’ అంటే ప్రభువు, ఆప్తుడు అని అర్థం. ‘మౌలా అలీ’ జనం నోట కలిసిపోయి ‘మౌలాలి’ అయింది. సంగతి విన్న రాజు గుట్ట మీద కట్టడం కట్టించగా, నాటి నుంచి గోల్కొండ జనం, కోట నుంచి నేరుగా కొలిస్తేనే సుమారు 19 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ గుట్టకు రావడం మొదలైంది. ఇది దర్గా అని పిలవబడుతున్నా లోపల సమాధి లేదని సందర్శకులు ముందే తెలుసుకోవాలి. ఇక్కడ పూజ్యమైనది చేతి ముద్ర.

ఇబ్రహీం పుట్టిన కుతుబ్‌షాహీ వంశానికి తుర్కియే నేలతో పాత సంబంధం ఉంది. వంశ మూలపురుషుడు సుల్తాన్ కులీ, నల్ల గొర్రెల తెగగా పేరుపడిన తుర్కమాన్ వంశీయుడు. ఆ తెగ పూర్వం నేటి తూర్పు తుర్కియేలోని వాన్ సరస్సు పరిసరాలలో బలపడి, ఇరాన్ దాకా ఏలింది. ఆ సంబంధం కన్నా గమనించదగినది, మౌలాలి కథకు ఇస్తాంబుల్‌లో ఉన్న పోలిక. 1453లో ఆ నగరాన్ని జయించిన రెండవ మెహ్మెద్ సుల్తాన్ గురువైన అక్‌షంసద్దీన్, ఏడవ శతాబ్దపు ముట్టడిలో మరణించిన ప్రవక్త సహచరుడు అబూ అయ్యూబ్ అన్సారీ సమాధి స్థలాన్ని దివ్యదృష్టితో కనుగొన్నాడని తుర్కుల సంప్రదాయం చెబుతుంది. నగర ప్రాకారాల వెలుపల ఉన్న ఆ చోట 1458లో మసీదు వెలసి, అయ్యూబ్ పేటగా మారి, పట్టాభిషిక్తులయ్యే సుల్తానులు ఖడ్గధారణ చేసుకొనే స్థలమైంది. రెండు చోట్లా కల లేదా దర్శనం స్థలాన్ని సూచించడం, రాజు దానిని ఆమోదించి కట్టించడం, తరువాత ఊరంతా బయలుదేరి గోడల బయటికి నడవడం ఒకే వరుసలో జరిగాయి. ఇస్తాంబుల్ సందర్శకులు అయ్యూబ్‌ను తప్పక చూస్తారు. మౌలాలికి అంత ఆదరణ దక్కకపోవడం విచారకరం.

అసఫ్‌జాహీ నిజాముల కాలంలో, ముఖ్యంగా 1762 నుంచి 1803 వరకు పాలించిన నిజాం అలీఖాన్ హయాంలో, ఈ యాత్ర రాజ్య ఉత్సవ స్థాయికి చేరింది. రజబ్ 13 అలీ జన్మదినం, 17 యాకూత్ స్వప్న దినం గనుక, ఈ రెంటి నడుమ దినాలలో దర్బారు పెద్దలు నగరం వదలి గుట్ట పాదాన బస చేసేవారు. షియాలు, సున్నీలు, హిందువులు కలిసి వచ్చేవారు. కుతుబ్‌షాహీ సుల్తానులు షియాలు, నిజాములు సున్నీలు అయినప్పటికీ ఉత్సవం తగ్గకపోగా పెరిగిందంటే, మొక్కు మొక్కినవారికి మతశాఖల లెక్క అడ్డు రాలేదనే అనుకోవాలి. చాంద్రమానాన్ని అనుసరించే హిజ్రీ నెలలు ఏటా దాదాపు పదకొండు దినాలు ముందుకు జరుగుతాయి గనుక ఈ ఉర్సు ఉత్సవం ఒక ఏడు చలికాలంలో, మరికొన్నేళ్లకు వానలలో, ఇంకొన్నేళ్లకు ఎండలలో పడుతుంది. జనసందడిని చూడగోరేవారు ఆ ఏటి రజబ్ తేదీలను విచారించుకొని రావాలి, ప్రశాంతంగా శిల్పం, శిల చూడదలచినవారు ఆ దినాలను తప్పించాలి.

ఎక్కే సమయం విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. దాదాపు 500 మెట్లున్న ఈ గుట్ట పచ్చి గ్రానైటు రాయి. దక్కను పీఠభూమికి పునాది అయిన ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ రాయి మధ్యాహ్నానికి పెనంలా కాగుతుంది, దర్గా ఆవరణలో చెప్పులు విడవాలి, కనుక తెల్లవారగానే మెట్లు మొదలుపెట్టి, ఎండ ముదరకముందే దిగిరావడం ఉత్తమం. తలపై కప్పుకొనేందుకు రుమాలో కొంగో ఉండాలి. తాగేనీరు వెంట తీసుకుపోవాలి. పైనుంచి చూస్తే దక్షిణాన నాచారం, ఉప్పల్ వైపు ఇళ్లు కిక్కిరిసి కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న మరో గుట్ట ఖదమ్-ఎ-రసూల్. ప్రవక్త పాదముద్రగా భావించే అవశేషం వల్ల దానికి ఆ పేరు వచ్చింది.

దిగివచ్చాక చాలామంది నేరుగా వాహనం ఎక్కిపోతారు. అది పొరపాటు, గుట్ట పాదాన ప్రహరీ గోడల తోటలో మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టిన ఈమె నర్తకి, గాయని, ఉర్దూ కవయిత్రి, నిజాం దర్బారులో జాగీర్లు పొందిన స్త్రీ. యుద్ధయాత్రలలో సైతం నిజాం వెంట వెళ్లింది. తల్లి రాజ్‌కున్వర్ గర్భవతిగా ఉన్నపుడు మౌలాలికి మొక్కుకోవడం వల్లనే ఈమె పుట్టిందని కుటుంబ విశ్వాసం. ఆ రుణం తీరని ప్రీతిగా మారిందనడానికి ఈమె గజళ్లే సాక్ష్యం: ఒక్కొక్క దానిలో అయిదేసి ద్విపదలు, చివరి ద్విపదలో అలీ స్మరణ. దీవాన్, అంటే ఒక కవి గజళ్ల పూర్తి సంకలనం, స్త్రీ పేరున వెలువడడం ఆనాటికి అరుదు. 1798లో కూర్చిన ఈమె దీవాన్ ప్రతి ఒకటి 1799లో జాన్ మాల్కం అనే బ్రిటిష్ అధికారి చేతికి అంది, లండన్ చేరింది. 1792లో తల్లికి ఈ తోటలో సమాధి కట్టించిన మహ్‌లఖా, 1824లో తానూ తల్లి పక్కనే నిదురించింది. శిథిలమైన ఈ తోటను 2010 తరువాత బాగుచేశారు. తోట తెరచి ఉందో లేదో ముందే విచారించుకోవడం, కావలివారిని మర్యాదగా అడిగి లోపలికి పోవడం మంచిది. ఉద్యోగినిగా, కవయిత్రిగా, భక్తురాలిగా ఒక స్త్రీ తన సొమ్ముతో తన తల్లి పేరు నిలిపిన ఈ చోటికి గుట్టకిచ్చినంత సమయం ఇవ్వాలి.

ఈమె జాగీరులో అడిక్‌మెట్ కూడా ఉండేదనీ, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఆ భూముల మీదనే వెలసిందనీ స్థల చరిత్రలు చెబుతాయి గనుక, యాత్రకు తరువాతి మజిలీ అదే కావడం సహజం. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఆరంభమైన ఆ విద్యాలయానికి కట్టడాలు రూపొందించే ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇంజనీర్లను పాలకులు అమెరికా, యూరప్, జపాన్, ఈజిప్టు, తుర్కియే వరకు పంపారు. ఆ తరువాత, ఈజిప్టులో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌కు రూపకల్పన అప్పగించారు. 1934లో పునాది పడి 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముఖద్వారంలో కొనదేలిన ఎత్తైన కమాను ఇస్లామీ సంప్రదాయం నుంచి, లోపలి స్తంభాల పోలికలు దక్కను గుహాలయాల నుంచి వచ్చాయి. గులాబీ రంగు గ్రానైటు మాత్రం ఇక్కడి నేలదే. నాగోలు నుంచి వచ్చే మెట్రోలో ఉప్పల్ తరువాత స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, ఆపైన తార్నాక వస్తుంది. తార్నాకలో దిగి ప్రాంగణం చేరవచ్చు. ఎన్‌జీఆర్‌ఐ అన్న స్టేషను పేరు 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థది. ఉదయం గుట్ట ఎక్కి, తోటలో సేద తీర్చుకొని, ఎండ తగ్గాక ఆర్ట్స్ కాలేజీ ముందు నిలిచినవారికి, పొద్దున కాళ్లకు తగిలిన అదే జాతి రాయి అక్కడ చెక్కిన స్తంభాలై కనిపిస్తుంది.