ఛేదన (క్రికెట్)

క్రికెట్‌లో ప్రత్యర్థి ముందే చేసి పెట్టిన పరుగులను దాటడానికి చివరగా బ్యాటింగ్‌కు దిగిన జట్టు చేసే ప్రయత్నమే ఛేదన. పత్రికలు లక్ష్య ఛేదన అని రాస్తాయి, వ్యాఖ్యాతలు ఛేజింగ్ అంటారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లు మాత్రం ‘ఇంకెన్ని కొట్టాలి?’ అని అడుగుతారు.

టెస్టుల్లో ఇది నాలుగో ఇన్నింగ్స్ పని. అప్పటికి పిచ్ పగుళ్లిచ్చి ఉంటుంది కాబట్టి చిన్న లక్ష్యం కూడా కొండంత కనిపిస్తుంది. 1882లో ఓవల్‌లో 85 పరుగులు చేయలేక ఇంగ్లండ్ 77కే కుప్పకూలింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల టెస్టు సిరీస్‌కున్న యాషెస్ పేరు ఆ ఓటమి నుంచి పుట్టిందే. 400 దాటిన లక్ష్యాన్ని తొలిసారి 1948లో లీడ్స్‌లో బ్రాడ్‌మన్ నడిపిన ఆస్ట్రేలియా జట్టు అందుకుంది. రెండోసారి ఆ పని చేసింది భారత్. 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గావస్కర్, విశ్వనాథ్ శతకాలతో 403 లక్ష్యాన్ని నాలుగు వికెట్లకే కొట్టేశారు. స్పిన్నర్లను నమ్ముకుని డిక్లేర్ చేసిన వెస్టిండీస్ కెప్టెన్ క్లైవ్ లాయిడ్ ఆ దెబ్బతో ఫాస్ట్ బౌలర్ల దారి పట్టాడు. 2003లో సెయింట్ జాన్స్‌లో వెస్టిండీస్ ఛేదించిన 418 టెస్టు రికార్డు.

అంకెల్లో చిన్నదే అయినా 2010 మొహాలీ టెస్టు వీటికి తీసిపోదు. ఆస్ట్రేలియాపై 216 కావాలి, భారత్ 124కే 8 వికెట్లు పోగొట్టుకుంది. నడుం పట్టేసి రన్నర్ సాయంతో ఆడుతున్న లక్ష్మణ్, ఇషాంత్ శర్మతో 81 పరుగులు జోడించాడు. చివరి వికెట్‌కు ప్రజ్ఞాన్ ఓఝా వచ్చాడు. ఇద్దరూ హైదరాబాద్ రంజీ జట్టువాళ్లే. పరుగు దగ్గర తికమక పడినందుకు లక్ష్మణ్ బ్యాటెత్తి ఓఝాపై కేకలేశాడు. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి అలా విరుచుకుపడటం జనానికి ఇప్పటికీ గుర్తు. గెలుపు ఒక్క వికెట్ తేడాతో దక్కింది.

వన్డేల్లో డ్రా అనే ఆసరా లేదు. 1971లో మెల్‌బోర్న్‌లో జరిగిన తొలి వన్డేను ఛేదించిన జట్టే గెలిచినా, ప్రపంచకప్ ఫైనళ్లలో మొదటి అయిదూ ముందు బ్యాటింగ్ చేసినవాళ్లకే దక్కాయి. 1996లో లాహోర్‌లో అరవింద డిసిల్వా శతకంతో శ్రీలంక ఆ వరస తెంచింది.

ఛేదించే జట్టుకు వానను మించిన శత్రువు లేదు. 1992 ప్రపంచకప్ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 కావాల్సినప్పుడు వాన పడింది. ఇంగ్లండ్ అతి తక్కువ పరుగులు చేసిన రెండు ఓవర్లు తీసేస్తే లక్ష్యం తగ్గింది ఒక్క పరుగే. ఆట మళ్లీ మొదలయ్యాక మిగిలింది ఒకే బంతి, కావాల్సినవి 21! స్కోరుబోర్డు 22 అని తప్పు చూపించింది కూడా. ఓవర్లతో పాటు చేతిలోని వికెట్లనూ లెక్కలోకి తీసుకునే డక్‌వర్త్-లూయిస్ పద్ధతి 1997 నుంచి వాడుకలోకి వచ్చింది.

2006లో జొహానెస్‌బర్గ్‌లో ఆస్ట్రేలియా 434 చేస్తే, అదే దక్షిణాఫ్రికా ఒక బంతి మిగిలుండగా 438 కొట్టింది. 2009లో హైదరాబాద్ ఉప్పల్‌లో 351 కోసం సచిన్ ఒక్కడే 175 చేసినా భారత్ 347 దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు డేనైట్ మ్యాచ్‌ల్లో మంచు కూడా లెక్కలోకి వస్తోంది. తడిసిన బంతి స్పిన్నర్ల వేళ్లలో నిలవదు, బ్యాట్ మీదికి మాత్రం జారుకుంటూ వస్తుంది. అందుకే టాస్ గెలిచిన కెప్టెన్లు చాలామంది ముందు ఫీల్డింగ్ తీసుకుంటున్నారు. బౌలర్లు నడుముకు తువాలు దోపుకుని బంతి తుడుచుకుంటారు. కొన్ని జట్లయితే బంతిని బకెట్ నీళ్లలో ముంచి మరీ సాధన చేస్తాయి.